తెలుగు అభిమాని, కోడూరు

మా అన్నయ్య కూతురు హరిణి వాళ్ళ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేసిన రోజున తప్పు నాది కాదు. "న్యూస్ అంటే ఏమిటో తెలుసా? నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్! నాలుగు దిక్కుల సంగతులు గనుక న్యూస్" అని హరిణి మామగారు పెట్టారు. ఇరవైమంది దానికి చేతులు జోడించారు. న్యూ అంటే కొత్త, కొత్త సంగతులు గనుక న్యూస్, దిక్కులకీ దానికీ ఏ సంబంధమూ లేదని నేను రాశాను. అక్కడితో ఆగితే సరిపోయేది. "చదువుకున్నవాళ్ళు కూడా ఇలాంటివి పంపడం సిగ్గుచేటు" అని ఇంకో వాక్యం తగిలించాను. సాయంత్రం కాఫీ తాగి చూస్తే నేను గ్రూపులో లేను.

అది నన్ను గెంటేసిన మూడో గ్రూపు. మొదటిది మా రిటైరైన లెక్చరర్లది. ఇస్త్రీ అనే మాట స్త్రీలోంచి పుట్టిందని అందులో ఒకాయన రాశాడు. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి పెన్షన్ తీసుకుంటున్న మనిషి! అది పోర్చుగీసువాళ్ళు వదిలి వెళ్ళిన మాట అన్నందుకు నాకు పొగరన్నారు. రెండోది మా వీధిది. దాని సంగతి వద్దులెండి, అక్కడ చెత్తబండి గురించి కూడా గొడవపడ్డాను.

నా పేరు ఆండాళ్. అరవై ఆరేళ్ళు. బందరు రామానాయుడుపేటలో రెండు గదుల వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. పెళ్ళి చేసుకోలేదు. సంబంధం కలుపుకుందామని వచ్చిన ఒక ఉత్తరాన్ని నేను తప్పులు దిద్ది తిప్పి పంపానని మా అన్నయ్య ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్వుతాడు. పంపిన మాట నిజమే. అందులో పదకొండు తప్పులున్నాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఈ గుణం నాకు అన్నం పెట్టింది. రిటైరయ్యాక చుట్టూ ఉన్నవాళ్ళని ఒక్కొక్కర్నీ సాగనంపింది. పాల ప్యాకెట్లు వేసే అతనితో "రేపు రెండు" అనడం తప్ప నోరు తెరవని రోజులుండేవి. అలాంటి రోజుల్లో సాయంత్రం ఏ ఫోనో వస్తే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. ఒంటరితనం అంటే ఏమిటో తెలుసుకోవడానికి నేను నిఘంటువు తీయక్కర్లేదు.

కిందటేడు అక్టోబరులో హిమబిందు అనే అమ్మాయి మా ఇంటి తలుపు కొట్టింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, గుడివాడలో వార్డు సచివాలయంలో ఉద్యోగం. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మూడు పొడుగాటి నోటుపుస్తకాలు.

"మా నాన్నగారివండి. గోవర్ధనరావు గారని, అవనిగడ్డ డిపోలో కండక్టరు చేశారు. పోయిన డిసెంబర్లో పోయారండి" అంది.

ఆ గోవర్ధనరావు గారికి ఒక అలవాటట. టిక్కెట్లు కొట్టడం అయిపోగానే బస్సు మధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడి ఏదో ఒక మాట ఎత్తుకునేవారట. బొప్పాయి అన్న పేరెలా వచ్చింది, మేస్త్రీ అన్న పేరెలా వచ్చింది అని. ముప్పైమూడేళ్ళ ఉద్యోగంలో దివిసీమలో ఆయన కథ వినని మనిషి లేడట. చెప్పిన ప్రతి మాటా ఇంటికి వచ్చాక పుస్తకంలో రాసుకునేవారట.

"సంవత్సరికానికి అందరూ స్టీలు బాక్సులు పంచుతున్నారండి. మేము నాన్న చెప్పిన మాటలే చిన్న పుస్తకం వేసి ఇద్దామనుకుంటున్నాం. అచ్చులో తప్పులుండకూడదని అమ్మ పట్టు. ఇక్కడి కాలేజీలో అడిగితే, తప్పులు పట్టడంలో మీ తర్వాతే ఎవరైనా అన్నారు మేడమ్."

ఎవరన్నారో అడగలేదు. అది పొగడ్త కాదని తెలుస్తూనే ఉంది. అయినా నాకు సంతోషం వేసింది, దాచడమెందుకు? రిటైరయ్యాక ఒక మనిషి నా గుమ్మమెక్కి, ఈ పని మీరే చెయ్యాలని అడగడం అదే మొదటిసారి.

ఆ రాత సగం పొట్టి గుర్తులతో ఉంది. వాటి అర్థం వాళ్ళమ్మకే తెలుసు. ఆవిడ ఉండేది కోడూరులో. అందుకని ఆదివారం ఆదివారం బందరులో బస్సెక్కి అవనిగడ్డలో దిగి, అక్కణ్ణించి ఆటోలో కోడూరు వెళ్ళడం మొదలుపెట్టాను. రోడ్డుకి రెండు వైపులా వరిచేలు తగ్గి రొయ్యల చెరువులు పెరిగాయి, చెరువుల్లో చక్రాలు తిరుగుతున్నాయి. ఆ దారిలో ప్రయాణం చేసి ఇరవై ఏళ్ళు దాటింది.

ఆవిడ పేరు ప్రేమమ్మ. మనిషి సన్నగా, చురుగ్గా ఉంటుంది. మొదటి ఆదివారం నన్ను మేడమ్ గారూ అంది. రెండో ఆదివారానికి వదినగారూ అయిపోయాను. "మీరొస్తారని ఇవాళ నీచు వండలేదండీ, పొయ్యి కూడా కడిగి పెట్టాను" అని చెప్పి, అరిటాకేసి, దొండకాయ వేపుడు వడ్డించింది. నేను చాలు అన్నకొద్దీ వడ్డించింది. అంతమంది లెక్చరర్ల గ్రూపులో నాకు దొరకని మర్యాద కోడూరులో ఒక కండక్టరు గారింట్లో దొరికింది.

గోడమీద గోవర్ధనరావు గారి ఫోటో చూడగానే ఆయనెవరో గుర్తొచ్చింది. నేను అవనిగడ్డ కాలేజీలో ఆరేళ్ళు పనిచేశాను. రోజూ ఏడున్నరకి బందరులో ఎక్కే బస్సుకి కండక్టరు ఈయనే. అయితే నాకు గుర్తున్న మనిషి నోట్లో నాలుక లేనివాడు. టిక్కెట్టు చింపి ఇచ్చి, చిల్లర చేతిలో పెట్టి, డ్రైవరు పక్కకి వెళ్ళి కూర్చునేవాడు. ఆరేళ్ళలో ఆయన గొంతు విన్నానని చెప్పలేను. బస్సంతా అలాగే ఉండేది, ఎవరిమానాన వాళ్ళు కిటికీలోంచి చూస్తూ.

"ఈయన్ని ఎక్కడో చూసినట్టుందండీ" అన్నాను.

"చూడకుండా ఎట్టా ఉంటారండీ? గలగలా మాట్లాడుతూనే ఉండేవారు. ఇంట్లో నేను కేకలేసినా ఆపేవారు కాదు" అని నవ్వింది ప్రేమమ్మ.

నా జ్ఞాపకమే తప్పేమో అనుకుని ఊరుకున్నాను. అవనిగడ్డలో పనిచేసిన సంగతి చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

ఇక ఆ నోటుపుస్తకాలు. ఎర్రపెన్ను తీసుకుని కూర్చున్నాను. నూట ఎనభై మాటలుంటే నూటయాభై తప్పు. అవి మామూలు తప్పులు కావు, గుండె ధైర్యం కావాలి అలాంటివి చెప్పడానికి. బొప్పాయి ఎందుకన్నారంటే, బొప్పి కట్టినట్టుంటుంది గనుక. బత్తాయి ఏమిటంటే, జీతం కాకుండా బత్తెం కింద ఇచ్చే కాయ. హిందీలో బందర్ అంటే కోతి గనుక బందరు ఒకప్పుడు కోతుల ఊరు. దివిసీమ అంటే స్వర్గసీమ. బొప్పాయి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది, బత్తాయి బటేవియా ఊరి పేరు, బందరంటే పారసీలో రేవు, ఇక్కడ దివి అంటే ద్వీపం అని పక్కన రాసుకుంటూ పోయాను.

అయితే ఆయన ప్రతి మాట కింద ఇంకో వరస రాసుకున్నాడు. ఎక్కడ చెప్పాడు, ఎవరికి చెప్పాడు, ఏమైంది అని. "బత్తాయి. చల్లపల్లి దగ్గర, పెళ్ళివారితో. నవ్వారు." "మేస్త్రీ, అంటే కూర్చుని మేసేవాడు. మోపిదేవి దాటాక. తాపీపని వాళ్ళు కొట్టినంత పనిచేశారు." "బొప్పాయి. ఒకామె ఏడుస్తా ఎక్కింది. కథ అయ్యేసరికి ఊరుకుంది. ఎందుకేడ్చిందో అడగలేదు." నేను ముప్పైఒక్క ఏళ్ళు పాఠం చెప్పాను. నిజమైన పుట్టుకలే చెప్పాను. ఏడుస్తున్నవాళ్ళు ఊరుకోవడం నా క్లాసులో జరగలేదు, నవ్వుతున్నవాళ్ళు మాత్రం ఊరుకునేవారు.

ఒక పేజీలో ఉప్పెన అని ఉంది. ఆయన పదిహేడో ఏట, డెబ్భై ఏడు ఉప్పెనలో, అమ్మనీ ఇద్దరు చెల్లెళ్ళనీ పోగొట్టుకున్నాడని ప్రేమమ్మ చెప్పింది. ఆ మాట కింద ఇలా రాసుకున్నాడు: "ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. సముద్రంలోనుంచి వచ్చింది. బస్సులో చెప్పలేదు." ఎర్రపెన్ను పక్కన పెట్టేశాను. ఆ మాట పుట్టుక నాకూ సరిగా తెలియదు.

మూడో ఆదివారం ప్రేమమ్మ నేనడగకుండానే ఒక దారి చెప్పింది. "ఆయన చెప్పింది పైన వెయ్యండి వదినగారూ. నిజమేదో కింద వెయ్యండి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకుంటారు, తెలుసుకునేవాళ్ళు తెలుసుకుంటారు. ఆయనకి రెండూ ఇష్టమే." ఇంత తేలిక దారి నా బుర్రకి ఎందుకు తట్టలేదో! ఆ సాయంత్రం తిరుగు బస్సులో నేను ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్క సీటామె కొంచెం జరిగి కూర్చుంది.

నవంబరులో ఒక ఆదివారం వాయుగుండం హెచ్చరికని బస్సులు ఆపేశారు. వాన పడిందీ లేదు, గాలి వేసిందీ లేదు. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని, వాతావరణ శాఖ వాళ్ళని తిట్టుకుంటూ, ప్రేమమ్మకి నాలుగుసార్లు ఫోను చేశాను. నాలుగోసారి అడగడానికి ఏమీ లేక, దొండకాయ వేపుడులో ఏం పొడి వేస్తారని అడిగాను. ఆదివారాల కోసం ఎంతగా బతుకుతున్నానో ఆ రోజు తెలిసింది. సంవత్సరికం అయిపోయాక కూడా రమ్మంటారా, మానేస్తారా అన్న బెంగ అప్పుడే మొదలైంది.

మర్నాడు మధ్యాహ్నం మూడో పుస్తకం చివరికి వచ్చాను. గిడ్డంగి అన్న మాట కనిపించింది. "గిడ్డంగి మన మాటే. రేవులో తెల్లవాళ్ళు మనవాళ్ళ నోట విని గోడౌన్ చేసుకున్నారు" అని రాసి ఉంది. అప్రయత్నంగా శభాష్ అన్నాను. సరుకు కిందికి దించే చోటు గనుక గో డౌన్ అని లోకమంతా నమ్ముతుంటే, ఈయన వేరే చెప్పాడు. గోడౌన్ మలయా వాళ్ళ దగ్గరినుంచి పోర్చుగీసు నోట పడి ఇంగ్లీషులోకి వచ్చింది. మలయాకి అది మన తూర్పు తీరం నుంచే వెళ్ళి ఉండాలని, తెలుగు గిడ్డంగినో అరవ మాటనో చూపిస్తాయి పెద్ద నిఘంటువులు. రేవు ఏదో చెప్పలేం గానీ, మనిషి దాదాపు నిజం పట్టుకున్నాడు.

కానీ ఆ రెండు వరసలూ స్కేలు పెట్టి కొట్టేసి ఉన్నాయి. కింద వేరే సిరాతో ఇలా ఉంది: "తప్పు. గోడౌన్ అన్న ఇంగ్లీషు మాటనే మనం పాడుచేసి గిడ్డంగి అంటున్నాం. లెక్చరర్ గారు చెప్పారు. ఇకనించి ఇలాగే చెప్పాలి."

ఏ లెక్చరరు చెప్పాడయ్యా ఈ చెత్త అని నాకు ఒళ్ళు మండింది. పుస్తకం వెనక అట్టకి ఒక ప్లాస్టిక్ సంచి అంటించి ఉంది. అందులో ఒక పోస్టుకార్డుంది.

"తెలుగు అభిమాని గారికి. మీరు రాసిన ఎనిమిదీ తప్పులే. సరైనవి కింద ఇచ్చాను. తెలియని విషయాలు పదిమందికీ చెప్పకపోవడం మంచిది." కింద ఎనిమిది మాటలు, వాటి పుట్టుకలు. ఎనిమిదోది గిడ్డంగి. సంతకం లేదు. తెలుగు లెక్చరర్ అని, పక్కన అవనిగడ్డ కాలేజీ గుండ్రటి ముద్ర.

ఆ చేతిరాత నాది.

అవనిగడ్డలో చేరిన కొత్తలో రాసింది. అప్పట్లో నాకు అలాగే తెలుసు. ఎవరో చెబితే నమ్మాను, పుస్తకం తీసి చూడలేదు. ఏడు మాటలు నిజమే రాశాను. ఆయన కనుక్కున్న ఒక్క నిజాన్ని మాత్రం అబద్ధమని కొట్టిపడేశాను. ఆయన నన్ను నమ్మి, స్కేలు పెట్టి గీత గీసి, రిటైరయ్యేదాకా ఇరవై ఏళ్ళు నా తప్పుని దివిసీమంతా మోసుకు తిరిగాడు.

తర్వాతి ఆదివారం చెప్పేద్దామనే వెళ్ళాను. చేతులు కడుక్కుంటూ, "వెనక సంచీలో ఒక కార్డుందండీ..." అని మొదలుపెట్టాను. ప్రేమమ్మ మొహం వెలిగిపోయింది.

"చూశారా! అది ఆయన ప్రాణం వదినగారూ. కాలేజీ లెక్చరరమ్మ గారు రాసింది. కండక్టరంటే చులకనౌతానని పేరు రాయకుండా, కిరాణా కొట్టు వెంకట్రామయ్య గారి కేరాఫ్ ఇచ్చి ఉత్తరం రాశారు. జవాబొచ్చిన రోజున వీధిలో అందరికీ చూపించారు."

"తిట్టినట్టుంది కదండీ అందులో?"

"తిడితే ఏమైందండీ? చదువుకున్నావిడ, టైము పెట్టుకుని రాసింది. ఆవిడ ఈయన బస్సే ఎక్కేదంట. కాలేజీ పిల్లలు తెలుగు మేడమ్ అంటంటే తెలిసిందంట. ఆ కార్డొచ్చాక ఇంక ఆవిడ ఎక్కిన బస్సులో నోరు తెరిచేవారు కాదు. ఆవిడ చెవిన తప్పు మాట పడకూడదు ప్రేమా, అనేవారు. జనం గొడవపెట్టినా సరే, అవనిగడ్డలో ఆవిడ దిగాకే మొదలెట్టేవారు."

ఆ బస్సు ఎందుకంత నిశ్శబ్దంగా ఉండేదో ఇరవై ఏడేళ్ళకి తెలిసింది. నేనే ఆ బస్సు నోరు మూయించాను. మూయించి, ఈ దివిసీమ జనం ఇంత పొడిగా ఉంటారేమిటని రోజూ విసుక్కున్నాను. అయినా చెప్పలేకపోయాను. ఆవిడ మజ్జిగ పోస్తూ, "సంవత్సరికం అయ్యాక కూడా వస్తుండాలి వదినగారూ, మానేస్తే ఊరుకోను" అంది. ఆ మాట వినడానికే కదా నేను వారంరోజులుగా బెంగపడింది! వస్తానన్నాను. కార్డు సంగతి మింగేశాను. తెలిసి తెలిసి ఒక తప్పుని దిద్దకుండా వదిలెయ్యడం నా జన్మలో అదే మొదలు.

గిడ్డంగి దగ్గర కొట్టివేత తీసేసి, ఆయన మొదట రాసిందే పైన పెట్టి, నిఘంటువు మాట కింద పెట్టాను. ఎవరికీ తెలియదులే అని సర్దుకున్నాను. డిసెంబరు మొదటివారంలో హిమబిందు ప్రూఫులు చూడటానికి గుడివాడ రమ్మంది. స్టేషన్ రోడ్డు పక్కన చిన్న డీటీపీ షాపు. లోపలి పేజీలన్నీ చూసి బావున్నాయన్నాను.

"వెనక అట్ట కూడా చూడండి మేడమ్. సర్‌ప్రైజ్" అని నవ్వింది.

కంప్యూటరు తెర నిండా నా పోస్టుకార్డు. ఒక్కో అక్షరం బొటనవేలంత. తెలియని విషయాలు పదిమందికీ చెప్పకపోవడం మంచిది. దానిపైన హిమబిందు ఒక వరస పెట్టించింది: నాన్నగారికి అందిన గౌరవం.

"అయిదొందల కాపీలు. శనివారం మిషనెక్కుద్ది" అన్నాడు షాపతను.

ఆ గౌరవం నేను చేసిన అవమానం. ఎనిమిదో మాట దగ్గర నా అబద్ధం అందరికీ కనపడేలా ఉంది. లోపల ఆయన ఒకటి చెబుతుంటే, వెనక నేను కాదంటున్నట్టుంటుంది. దివిసీమ జనం ఎవర్ని నమ్ముతారు? ముద్ర ఉన్నదాన్నే నమ్ముతారు. ఆయనా అదే చేశాడు.

"అట్ట ఒక్కటీ ఆపమ్మా. ఒక్క రోజు. మీ అమ్మగారితో మాట్లాడి చెబుతాను" అన్నాను. హిమబిందు షాపతనికి అట్ట ఆపమని చెప్పి, కార్డు తీసి నా చేతికిచ్చింది.

మర్నాడు ఆదివారం కాదు, శుక్రవారం. చెప్పకుండా పొద్దున్నే వెళ్ళాను. ప్రేమమ్మ వరండాలో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమని, నేనూ ఆ గచ్చు మీదే కూర్చుని, కార్డు తీసి మధ్యలో పెట్టాను.

"ఇది రాసింది నేనండీ" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అవనిగడ్డ కాలేజీ, ఏడున్నర బస్సు, ఆరేళ్ళు. గిడ్డంగి దగ్గర ఆయన చెప్పిందే నిజమని, నేనే చూసుకోకుండా కొట్టేశానని, నా మాట పట్టుకుని ఆయన చివరిదాకా తప్పు చెప్పాడని, తెలిసి కూడా రెండు వారాలు దాచానని, అన్నీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు పాఠం చెబుతున్నట్టే ఉంది. ఎంత ప్రయత్నించినా మెత్తబడలేదు.

ప్రేమమ్మ చేట పక్కన పెట్టింది. కార్డు చేతిలోకి తీసుకుంది.

"ఇది రాసేటప్పుడు మీకేం కోపమొచ్చింది మేడమ్ గారూ?" అంది.

వదినగారూ పోయి మేడమ్ గారూ వచ్చింది. వస్తుందని తెలిసే వెళ్ళాను.

"కోపం కాదండీ. సంతోషం" అన్నాను. "మీరు నమ్మరు. కాలేజీ చిరునామాకి నా కోసం వచ్చిన ఉత్తరం అదొక్కటే. చివర ఆయన, తప్పైతే దిద్దండి, అడగటానికి నాకెవరూ లేరు, అని రాశారు. అడిగేవాళ్ళు నాకూ ఎవరూ లేరండీ. రెండుసార్లు చిత్తు రాసుకుని మరీ ఈ కార్డు రాశాను. నాకు రాయడం వచ్చింది అలాగే. ఆయన మళ్ళీ రాస్తారని చూశాను. ఆర్నెల్లు చూశాను. అటెండరుని రోజూ అడిగేదాన్ని. రాలేదు. ఎవరో పనిలేనివాడు, పౌరుషమొచ్చి మానేశాడనుకున్నాను."

"ఆర్నెల్లు చూశారా?"

"చూశానండీ."

"ఆయన ఆరేళ్ళు చూశారండీ" అంది ప్రేమమ్మ. "రోజూ ఇంటికొచ్చి చెప్పేవారు. ఇవాళ కూడా ఎక్కింది ప్రేమా, ఇవాళన్నా ఏదో ఒక మాట మాట్లాడుద్దేమో అని టిక్కెట్టిచ్చి కాసేపు నిలబడ్డాను, కిటికీలోకి తిరిగిపోయింది, అనేవారు. మీరు ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయిన రోజున అన్నం సరిగా తినలేదు."

నాకు ఏడుపు రాలేదు. వస్తే బావుండేది. టిక్కెట్టిచ్చి ఆ మనిషి ఒక్క క్షణం ఎక్కువ నిలబడేవాడన్నది నిజమే. చిల్లర సరిచూసుకుంటానేమోనని నిలబడుతున్నాడనుకునేదాన్ని.

ప్రేమమ్మ లోపలికి వెళ్ళి పెన్ను తెచ్చింది.

"అట్ట మీద ఇదే వేయిస్తాం. మానెయ్యం. ఆయన దాచుకున్నది గదా" అంది. "అప్పుడు మీరు పేరు రాయలేదు. ఇప్పుడు రాయండి. ఆ ఎనిమిదోది కూడా మీ చేత్తోనే దిద్దండి. జనం చూస్తారు."

కార్డు అడుగున రెండు వరసల ఖాళీ ఉంది. ఎనిమిదో మాట మీద గీత కొట్టాను. కింద, "తెలుగు అభిమాని గారూ, గిడ్డంగి విషయంలో తప్పు నాది. మీరు చెప్పిందే పదిమందికీ చెప్పాలి" అని రాసి, ఆండాళ్ అని సంతకం పెట్టాను. ఆఖరి అక్షరం వంకర పోయింది. దిద్దుకోలేదు.

ప్రేమమ్మ కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా కూడబలుక్కుంటూ చదివింది. రెండోసారి కూడా చదివింది. కొంగుతో కార్డు తుడిచి, లోపలికి తీసుకెళ్ళి ఫోటో కింద పెట్టి వచ్చింది. వచ్చి మళ్ళీ చేట ముందు కూర్చుంది. పదకొండు దాటింది. అన్నం వేళ కావస్తోంది. నేను లేవలేదు. లేవమంటుందో ఉండమంటుందో తెలియక, గచ్చు మీద పడ్డ నాలుగు బియ్యపు గింజలు ఏరి చేటలో వేశాను.

"పదకొండున్నరకి అవనిగడ్డ బస్సుందండీ" అంది ప్రేమమ్మ, తలెత్తకుండా. "ఇప్పుడు బయలుదేరితే అందుద్ది."